లీటరు గీత

ఆమెకు కన్నవాళ్ళు పెట్టిన పేరు ఒకటుంది గానీ, అది వీధిలో ఎవరికీ గుర్తులేదు. కూరగాయల బండి దగ్గర తూకం అయిపోయాక కూడా సంచీ మూతి తెరిచే ఉంచి, "ఆ రెండు పచ్చిమిరపకాయలు కూడా పడెయ్యవయ్యా, నీ సొమ్మేం పోయింది?" అంటుంది. అందుకని ఆమె అందరికీ కొసరమ్మ. ఆ పేరుకు ఆమె ఉడుక్కోదు. పొద్దున ఒక రేటు, సాయంత్రం ఒక రేటు చెప్పేవాళ్ళకు లేని సిగ్గు కొసరు అడిగే తనకెందుకని ఆమె వాదం. వాదంలో ఆమెను గెలిచినవాడు ఇంకా పుట్టలేదు.

పని బట్టల కార్ఖానాలో, కత్తిరింపు బల్ల దగ్గర. అట్టముక్కల్ని గుడ్డ మీద అటు జరిపి ఇటు తిప్పి, పదకొండు చొక్కాలకు సరిపోయే గుడ్డలో పన్నెండోది తీస్తుంది. "నీ చేతిలో గుడ్డ సాగుతుందమ్మా" అని మేస్త్రీ మెచ్చుకుంటాడు. మెచ్చుకోలు ఊరికే వస్తుంది కాబట్టి దానికి లోటు లేదు. జీతం మాత్రం సాగదు. వారానికోసారి, శనివారం, అదే కవరు, అదే మొత్తం.

శనివారం వచ్చిందంటే ఆమెకు కాలు ఒకచోట నిలవదు. కిరాణా కొట్టు ముందు నల్లపలక ఉంటుంది. దానిమీద సుద్దతో రాసిన నూనె ధర పోయిన వారంది కాదు, పప్పు ధర మొన్నటిది కాదు. వరసలో నిలబడి చీటీ తీస్తుంది, సబ్బు కొట్టేస్తుంది, మళ్ళీ రాస్తుంది, సగం సబ్బు అమ్ముతారా అని ఆలోచిస్తుంది. తన వంతు వచ్చేసరికి వరస వదిలేసి, ఎదురు కొట్లో చక్కెర ఎంతో కనుక్కోవడానికి పరిగెడుతుంది. తిరిగొచ్చేసరికి ముందు ఆరుగురు. ఇంటికొచ్చి పడుకున్నా కళ్ళ ముందు ఆ పలకే.

ఈ కొట్టివేతల్లో ఒక్కదాని జోలికి మాత్రం పోనని ఒట్టు పెట్టుకుంది. అది ఏడేళ్ళ కూతురి పాలు. నెల కిందట బడిలో నర్సు పిల్లల్ని తూచి, చీటీ రాసి పంపింది. పాప ఉండాల్సినదానికన్నా రెండు కిలోలు తక్కువ ఉంది, పూటపూటా చిక్కటి పాలు పట్టండి, నెల తర్వాత మళ్ళీ తూస్తాం అని. ఆ రోజు కొసరమ్మ పాలగిన్నె లోపల మేకుతో గీత గీసింది. సరిగ్గా లీటరుకు. అత్తగారినీ మొగుణ్ణీ పిలిచి చూపించింది.

"పాలు ఈ గీత కిందికి దిగాయో, నేను మనిషిని కాను. చెప్తున్నా."

వాళ్ళిద్దరూ బుద్ధిగా తలూపారు. పాప మాత్రం సంబరపడింది. పాలంటే దానికి ప్రాణం. గ్లాసు అడుగున వేలు పెట్టి నాకి, మూతి మీద తెల్లమీసంతో ఇల్లంతా తిరిగేది.

మూడో వారానికల్లా ఆ తిరుగుడు తగ్గింది. "పాలు చప్పగా ఉన్నాయమ్మా" అంది ఒకరోజు. "నోరు మూసుకుని తాగు" అంది తల్లి. ఆ తర్వాత బడి నుంచి రెండో చీటీ వచ్చింది. బరువు పెరగలేదు సరిగదా, మూడొందల గ్రాములు తగ్గింది.

కొసరమ్మ ఆ చీటీ రెండుసార్లు చదివింది. మరుక్షణం ఒళ్ళు మండిపోయింది. గిన్నెలో మిగిలిన పాలు గ్లాసులోకి వంపుకుని, కొంగు దోపుకుని, వీధి చివర పాలామె దగ్గరికి వెళ్ళింది. పదిమంది ఉన్నారు. అదే కావలసింది ఆమెకు.

"ఏమ్మా, పసిపిల్ల నోట్లో నీళ్ళు కొడతావా? నీకు పిల్లల్లేరా?"

పాలామె గొంతు పెద్దది చేయలేదు. తన క్యానులోంచి ఒక చుక్క తీసి గోటి మీద వేసింది. చుక్క కదలకుండా నిలిచింది. కొసరమ్మ తెచ్చిన గ్లాసులోంచి ఇంకో చుక్క వేసింది. అది జారి, మోచేతి దాకా పాకింది.

"నా దగ్గర ముప్పావు లీటరే కదక్కా తీసుకెళ్తున్నావు? ఇంటికెళ్ళి ఏం చేస్తున్నావో నువ్వే చూసుకో."

కొసరమ్మకు తల కొట్టేసినట్టయింది. నిజమే. పాలధర పెరిగిన వారం నుంచీ ఆమె కొంటున్నది ముప్పావే. అత్తగారు గీత చూసి బెంగపడుతుందని, ఇంటికి రాగానే ఎవరూ చూడకుండా కొళాయి కింద ఒక గ్లాసు నింపి కలుపుతోంది. కానీ ఒక్క గ్లాసే! ఒక్క గ్లాసుకే పాలు ఇంత పలచనవుతాయా?

ఇంటికొచ్చి గిన్నె తెచ్చి ముందుగదిలో నేలమీద పెట్టింది. అత్తగారు ఆరిన బట్టలు మడతపెడుతోంది. లిఫ్టులు బాగుచేసే మొగుడు చేతులకంటిన గ్రీజు తుడుచుకుంటున్నాడు.

"నేనొక గ్లాసు నీళ్ళు కలుపుతున్నా, నిజం. ఇంకెవరు కలుపుతున్నారు?"

అత్తగారి చేతిలో దిండుగలీబు ఆగిపోయింది. "ఒక్క గ్లాసేనే అమ్మాయ్. నువ్వు టీ పడట్లేదని మానేశావుగా. పడకేం, మహా పడుతుంది, నాకు తెలీదా? మధ్యాహ్నానికని నీ ఫ్లాస్కులోకి గ్లాసుడు పాలు తీసి టీ పెడుతున్నా. గీత దిగితే నువ్వు ఊరుకోవని..."

"ఆ టీలోవి నీ వంతు పాలన్నావుగా అత్తయ్యా!"

"నాకు వంతెక్కడిదే, పిచ్చిమొహమా?"

ఇద్దరూ అతనివైపు తిరిగారు. అతను గుడ్డపేలికతో తుడిచిన వేలునే మళ్ళీ తుడిచాడు.

"క్యాంటీన్లో టీ మానేశాను. దండగని. పొద్దున్నే లేచి ఇక్కడే కాస్త... గీత ఉంది కదా, మళ్ళీ నింపేస్తున్నా."

ఇంకోరోజైతే కొసరమ్మ పగలబడి నవ్వేది. ముగ్గురు దొంగలు, ఒక్క గిన్నె, పైగా ముగ్గురిదీ పొదుపే. కానీ ఇప్పుడు నవ్వు రాలేదు. ఫ్లాస్కు గుర్తొచ్చింది. రోజూ బల్ల దగ్గర నిలబడి వేడివేడిగా తాగి, మా అత్తగారు బంగారమని తోటివాళ్ళ దగ్గర గొప్పలు చెప్పిన టీ. తాగింది తన పిల్ల బరువు. ఆ మాట తట్టగానే అక్కడే కూలబడి ఏడ్చింది. ఆమె ఏడవగా ఆ ఇంట్లో ఎవరూ చూసి ఎరగరు.

ఏడుపయ్యాక ముక్కు తుడుచుకుని, కాగితం తీసింది. "రేపట్నుంచి నిండు లీటరు. పావు లీటరు డబ్బు ఎక్కడో తగ్గాలి. చాటుగా ఎవరూ ఏదీ మానొద్దు. మానేదేదో ఇక్కడ కూర్చుని పైకి చెప్పండి."

"నా మోకాళ్ళ తైలం కొట్టెయ్. రాసినా ఒకటే, రాయకపోయినా ఒకటే" అంది అత్తగారు.

"వచ్చేటప్పుడు బస్సు వద్దులే. నడిస్తే ఒంటికి మంచిది" అన్నాడు మొగుడు.

కొసరమ్మ కలం పట్టుకుని కూర్చుంది. తైలం రాసి కొట్టేసింది. మళ్ళీ రాసింది. రెండూ అబద్ధాలేనని తెలుసు. ఏది పట్టుకోవాలో ఏది వదలాలో పాలుపోలేదు.

అప్పుడు గుమ్మం దగ్గర్నుంచి పాప వచ్చి తల్లి భుజం మీద చెయ్యి వేసింది.

"అమ్మా, నేను పాలు మానేస్తాలే. నాకు ఇష్టం లేదు. పడట్లేదు."

కొసరమ్మ ఆ మొహంలోకి చూసింది. కళ్ళు ఎదుటివాళ్ళ మీద నిలపకుండా, ఏమీ పట్టనట్టు పెదవి విరిచి చెప్పడం, అచ్చం తనలాగే. ఇంట్లో ఇన్ని తగ్గించింది గానీ, ఈ అబద్ధాన్ని మాత్రం పిల్లకు నిండుగా నేర్పింది.

ఆమె లేచింది. పర్సు తీసుకుని మళ్ళీ వీధి చివరికి వెళ్ళింది. పాలామె చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పి, అర లీటరు పోయించుకుంది. కొసరు అడగలేదు. ఇంటికొచ్చి, అదే గిన్నెలో కాచి, గ్లాసు నిండా పోసి పాపకు అందించింది.

"తాగు."

పాప గ్లాసు రెండు చేతులా పట్టుకుంది. మూతికి ఆనించబోతూ ఆగి, మునివేళ్ళ మీద లేచి, పొయ్యి మీది గిన్నెలోకి తొంగి చూసింది. పాలు గీతకు ఎంత కిందున్నాయోనని.