వడ్లగింజ వెయ్యనన్న మేనత్త

మా మేనత్త మొన్న బుధవారం పొద్దున్నే పోయింది. సమాధి దగ్గర మా క్రైస్తవ సంఘ పెద్దలు ఆవిడను తెగ పొగిడారు. ప్రాణం విలువ తెలిసిన తల్లి అన్నారు. వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఆ మాట అనడానికి వాళ్లకు నోరెలా వచ్చిందో! నేనూ అక్కడే తల వంచుకుని నిలబడ్డాను లెండి.

ఆవిడ మంత్రసాని. పెనుగొండ చుట్టుపక్కల రైతుల ఇళ్లలో సగం మంది పిల్లలు ఆవిడ చేతుల్లోనే పడ్డారు. దొడ్డిదారిన పిలిచేవారు, దొడ్డిదారినే పంపేవారు. మనిషి కోపిష్టి. నొప్పులు పడే పిల్లను ఎవరైనా కసిరితే, అత్తగారైనా సరే, గది బయటికి నెట్టేది. బొడ్డు కోసి బిడ్డను చేతుల్లోకి తీసుకుని, "వచ్చావా, భయం లేదులే, మనుషులమే ఉన్నామిక్కడ" అనేది.

మా వైపు ఒక ఆచారం ఉండేది. ఇప్పుడు లేదని ఎవరైనా అంటే నేను నమ్మను. వితంతువు కడుపున బిడ్డ పుడితే, ఇంటి పెద్దావిడ మంత్రసాని అరచేతిలో ఒక వడ్లగింజ పెట్టేది. అది బిడ్డ గొంతులో వెయ్యాలి. బాప్తిస్మం పుచ్చుకోకముందు తానూ రెండుసార్లు వేశానని మేనత్త నా దగ్గర దాచలేదు. పుచ్చుకున్నాక ఒక పెద్ద రైతు ఇంట్లో మళ్లీ గింజ ఇచ్చారు. ఆవిడ దాన్ని వాకిట్లోకి విసిరేసి, "దేవుడు పెట్టిన ప్రాణమండి. తియ్యడానికి నేనెవరినండి?" అని, ఆ పసిదాన్ని కొంగులో చుట్టుకుని వచ్చేసింది. ఆ తర్వాత ఏ రైతు ఇంటి నుంచీ ఆవిడకు పిలుపు రాలేదు.

మేకపాలు దూదితో పట్టింది. పిల్ల చిక్కిపోతుంటే, బాప్తిస్మం ఇవ్వమని పెద్దల దగ్గరికి వెళ్లింది. తండ్రి పేరు లేని పిల్లకు తామివ్వలేమని, మిషను దొరగారి పడవ వచ్చాక చూద్దామని అన్నారు. పిల్లను ఒళ్లో పెట్టుకుని ఆ పడవ కోసం మూడు రోజులు కాలవగట్టు మీద కూర్చుంది. మూడో రోజు మధ్యాహ్నం పిల్ల పోయింది. బాప్తిస్మం లేదు కాబట్టి సంఘం సమాధుల దొడ్డిలో చోటు లేదన్నారు. పెరట్లో ములగచెట్టు కింద పూడ్చుకుంది.

నేను మిషను బడి పంతులిని. ప్రాణం మీదికి వచ్చినప్పుడు విశ్వాసి ఎవరైనా, మంత్రసాని అయినా సరే, నీళ్లు చల్లి బాప్తిస్మం ఇవ్వవచ్చని మా ఉపదేశ పుస్తకంలో ఉంది. ఆ పేజీ బడిలో చదివి చెప్పినవాణ్ణి నేనే. ఆ మూడు రోజులూ గట్టు మీదికి అన్నం పట్టుకెళ్లినవాణ్ణీ నేనే. పెద్దలకు కోపం వస్తే ఉద్యోగం ఊడుతుందని నోరు మెదపలేదు.

ఏళ్ల తర్వాత ఒక దొరసానిగారు మాటల్లో, మంత్రసాని కూడా బాప్తిస్మం ఇవ్వవచ్చన్న సంగతి ఆవిడకు చెప్పారు. నేరుగా నా దగ్గరికి వచ్చి, నీకు తెలుసా అని అడిగింది. తెలుసన్నాను.

"నా చెయ్యి రెండు ప్రాణాలు తీసిందిరా. ఆ పిల్లకైనా ఈ చేత్తో నీళ్లు చల్లుకోనిస్తే నీదేం పోయేదిరా?" అంది.

తర్వాత ఎప్పటిలాగే పిలిచి అన్నం పెట్టేది. అది తినడం ఎంత కష్టమో నాకే తెలుసు.

పోయేముందు, తనను ఆ పిల్ల పక్కనే పూడ్చమని నా చెయ్యి పట్టుకుని చెప్పింది. పెద్దలు ఒప్పుకోలేదు. సంఘస్థురాలు సమాధుల దొడ్డిలోనే ఉండాలన్నారు. నేను ఒక్కసారి అడిగాను. రెండోసారి అడగలేదు.

ఆ సాయంత్రం అందరూ వెళ్లాక పెరట్లోకి వెళ్లాను. చెట్టు కింద మూరెడు దిబ్బ, పక్కనే మంచం పట్టేదాకా ఆవిడ తన కోసం అలుక్కున్న నేల. దాన్ని తొక్కడానికి కాలు రాక, దూరంగానే నిలబడ్డాను.