స్వీడన్‌కి డల్లాస్ బస్సు

1985 మార్చిలో ఒక శుక్రవారం పొద్దున్నే నేనూ, మా ఆవిడ రత్నం డల్లాస్‌లో బస్సెక్కాం. అమెరికా ఉత్తర కొసనున్న మినియాపొలిస్‌లో ఇంగ్రిడ్ అనే స్వీడన్ మహిళా పాస్టరు తమ దేశపు స్త్రీల ఉద్యమం గురించి మాట్లాడుతుందట. డల్లాస్ పక్కనే ప్లేనోలోని మా తెలుగు క్రైస్తవ సంఘంలో రత్నం ఏళ్ళ తరబడి సండే స్కూలు నడుపుతోంది. ఈమధ్య ఆదివారం ఆరాధనలో ప్రసంగం కూడా చేస్తానంది. సంఘపెద్దలం ఐదుగురం. ఇద్దరు సరేనన్నారు, ఇద్దరు వద్దన్నారు. ఐదోవాణ్ణి నేను. "ఆలోచిస్తాను" అంటూ తప్పించుకు తిరుగుతున్నాను.

వెళ్ళేవాళ్ళు పులిహోర కట్టుకెళ్ళండి. దారిలో దొరికే సాండ్‌విచ్ కంటే దాన్ని చుట్టిన కాగితమే రుచి. ఓక్లహోమాలో గాలి ఎంతలా వీచిందంటే, ఒక ఆవు మా బస్సును ఓవర్‌టేక్ చేసింది.

"చర్చి కోసం ఇంత దూరమా? మీ ఊళ్ళో దేవుడు లేడా?" అన్నాడు పక్కసీటు రైతు.

"ఉన్నాడు. మా పెద్దలు ఆయన్ని నా నోట మాట్లాడనివ్వరు" అంది రత్నం.

శనివారం మధ్యాహ్నం మినియాపొలిస్‌లో దిగాం. ఆ చలికి నా తుమ్ము గాల్లోనే గడ్డకట్టి కిందపడి పగిలింది. హాలు గుమ్మంలో ఒకావిడ రత్నాన్ని ముందు వరుసకీ, నన్ను పక్కగదిలోని పిల్లల దగ్గరికీ పంపింది. ఆడవాళ్ళు వింటుంటే మగవాళ్ళు పిల్లల్ని చూసుకోవడం వాళ్ళ మీటింగుల పద్ధతట.

"నేను సంఘపెద్దనండీ!"

"మంచిది. డైపర్లు ఆ మూల ఉన్నాయి."

తెరిచిన తలుపులోంచి విన్నాను. భార్య జీతాన్ని భర్త జీతంతో కలిపి పన్ను వేస్తుంటే విడదీయించారట. పసిపిల్లల కేంద్రాల కోసం ఊరేగారట. బిడ్డ పుడితే తండ్రీ సెలవు పెట్టుకోవచ్చని చట్టం తెప్పించారట. స్త్రీలు పాస్టర్లు కావచ్చని అంతకుముందే చట్టం వచ్చినా, ఇంగ్రిడ్ పక్కన నిలబడ్డానికి కొందరు మగ పాస్టర్లు ఒప్పుకోలేదట.

రత్నం లేచింది. "కాదన్నవాళ్ళతో ఎలా వేగారు?"

"వాళ్ళు నయం, ఎక్కడున్నారో తెలుస్తుంది. ఆలోచిస్తామన్నవాళ్ళే ఏళ్ళకేళ్ళు తిప్పారు" అంది ఇంగ్రిడ్.

హాలంతా నవ్వింది. రత్నం మాత్రం తలుపు వైపు చూసింది. నా ఒళ్ళో ఉన్న పిల్లాడు సమయానికి ఏడుపు అందుకుని నన్ను కాపాడాడు.

ఆదివారం తిరుగు బస్సు. అయోవా దాటాక నేనే ప్రసంగం మాట కదిపాను.

"నేను సరేనంటే పెళ్ళాం మాట విన్నాడంటారే" అన్నాను.

"వినలేదని నేనంటాను. ఏది నయమో మీరే చూసుకోండి."

కాన్సాస్ సిటీలో బస్సు ఆగగానే ఫోన్ బూత్‌లోంచి పెద్ద సంఘపెద్ద పాల్ గారికి ఫోన్ చేశాను. "బ్రదర్, నా ఓటు రత్నానికే."

ఆయన నిట్టూర్చాడు. "సరే బ్రదర్, మెజారిటీ వచ్చేసింది. మరి ఆ టైమ్‌లో సండే స్కూల్ ఎవరు హ్యాండిల్ చేస్తారు?"

"నేనే. నిన్ననే ట్రైనింగ్ అయింది."

సీటు దగ్గరికొచ్చి చెబితే రత్నం థాంక్స్ కూడా చెప్పలేదు. బైబిలు తెరిచి, లేచి నిలబడి రిహార్సల్ మొదలుపెట్టింది. స్వీడన్‌కి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు. డల్లాస్ చేరేసరికి, తెలుగు ముక్క రాకపోయినా, డ్రైవరుతో సహా బస్సంతా ఆమెన్ అంటోంది.