అవ్వ దుప్పట్ల మూట

మొన్న ఆదోని ఆసుపత్రి వెనక రోగుల దుప్పట్లను డ్రమ్ములో ఉడకబెడుతుంటే, ఆ ఆవిరి వాసనకు నాగక్క గుర్తొచ్చింది. ఎమ్మిగనూరు దగ్గర మా ఊళ్లో మా బట్టలు ఉతికేది ఆమే.

నాకు ఏడేళ్లప్పుడు, ఎండాకాలంలో అవ్వకు వాంతిబేదులు పట్టుకున్నాయి. పాడైన దుప్పట్లు మూటగట్టి నా చేతికిచ్చి, "నాగక్క అడిగితే జొరమని సెప్పు. ఆ రోగం పేరెత్తొద్దు" అంది అమ్మ. పేరెత్తితే విన్నవాళ్లకు రోగం అంటుకుంటుందేమో అనుకున్నాను.

"ఏం వాసన పాపా ఇది? అవ్వకు ఏమైండాది?" అని అడిగింది నాగక్క.

"జొరం" అన్నాను. ఆమెను కాపాడానని లోలోపల సంతోషపడ్డాను.

వంక ఎండిపోయి, ఇసుకలో తవ్విన చెలమ ఒక్కటే మిగిలింది. నాగక్క బట్టలు ఉతికేదీ, దాహమైతే తాగేదీ ఆ నీళ్లే. మూడోనాడు ఉతికిన దుప్పట్లు ఆమె మొగుడు తెచ్చాడు.

"మా ఆడమనిషికి నిన్నట్నుంచి వాంతులు, బేదులమ్మా. ఆసుపత్రికి పోవల్ల, బండి ఇప్పించండి" అన్నాడు.

అమ్మ వెంటనే బండి కట్టించింది. నాగక్క దారిలోనే పోయింది.

అవ్వ కోలుకుంది. నిజం తెలిస్తే నాగక్క ఆ మూట ముట్టదని అమ్మ భయపడిందని పెద్దయ్యాక అర్థమైంది. ఆ సంగతి అమ్మను ఎన్నడూ అడగలేదు. ఎట్లా అడగను? నాగక్క నమ్మింది నా మాటనే.