నీరటి పూడ్చిన గుంట

ఖతర్‌లో నది లేదంటారు. అది హన్మాండ్లు తాత అక్కడికి వెళ్ళకముందు మాట. ఇప్పుడు తాత ఒక్క కేక వేస్తే చాలు, గోదావరి సముద్రం దాటి వచ్చి దుఖాన్ రోడ్డు పక్క కూలీల క్యాంప్ గేటు ముందు చేతులు కట్టుకుని నిలబడుతుంది.

ఊళ్ళో తాత నీరటి. తూము ఎత్తి, ఎవరి మడికి ఎంత నీరో పంచేవాడు. కాలి బొటనవేలితో నేల తడిమి వాలు చెప్పేవాడు. అలాంటి మనిషి ఖతర్ వెళ్ళి జేసీబీ ఎక్కాడు. పన్నెండేళ్ళుగా ఎత్తుపల్లాలు చదును చేయడమే డ్యూటీ.

రెండేళ్ళ కిందట, క్యాంప్ పక్కన ముళ్ళచెట్లున్న పెద్ద గుంటను లారీలు నిలపడానికి పూడ్చమన్నారు. అలాంటి గుంటను అక్కడివాళ్ళు రౌదా అంటారు. చుట్టుపక్కల కురిసిన వాన అందులో చేరి, మెల్లగా నేలలోకి ఇంకుతుంది. తాత దిగి పిడికెడు మన్ను నలిపాడు. నీళ్ళు మోసుకొచ్చే మెత్తటి ఒండ్రు.

"ఇది నీళ్ళు పండుకునే జాగ సార్," అన్నాడు సూపర్‌వైజర్ రత్నాకర్‌తో.

"నీళ్ళేడున్నయ్ కాకా? ఈ దేశంల వాగు మాఫీ, వంక మాఫీ, ఏదీ లేదు. యల్లా, జల్ది మన్ను పొయ్యి!"

నిజమే కదా అనుకున్నాడు తాత. కూల్చిన గోడల రాళ్ళు పోసి, మన్ను కప్పి, పళ్ళెంలా చదును చేశాడు. అంచున నడుమెత్తు గట్టు కూడా పోశాడు.

ఈ ఏడు ఒక మధ్యాహ్నం గంటసేపు వాన కొట్టి ఆగింది. ఎండ వచ్చింది. తాత చాయ్ గ్లాసుతో గుమ్మంలో నిలబడ్డాడు. అంతలో ఎడారిలోంచి ఎర్రటి నీళ్ళు పాక్కుంటూ వచ్చాయి. పైన చుక్క లేదు, కింద వరద! నీళ్ళు తిన్నగా ఒకప్పటి గుంట దగ్గరికే వెళ్ళి గట్టుకు కొట్టుకున్నాయి. తమ ఇల్లు ఏమైందోనని వెతుక్కున్నట్టు సుడి తిరిగి, క్యాంప్ వైపు మళ్ళాయి.

రాత్రి డ్యూటీ చేసినవాళ్ళు కింది గదుల్లో నిద్రపోతున్నారు. వాళ్ళలో గంగన్న మంచం కింద చెప్పులు తేలుతున్నాయి. ఊళ్ళో ఇరవై ఏళ్ళు నీళ్ళకు దారి చూపిన తాత చేతులే ఆ దారికి అడ్డంగా మన్ను పోశాయి!

"లెవ్వుండ్రా! గంగన్నా, లెవ్వు!" అని అరుస్తూ జేసీబీ ఎక్కాడు. గట్టు తెంపాడు. తను చదును చేసిన చోటే మళ్ళీ తవ్వాడు.

రత్నాకర్ మోకాలి లోతు నీళ్ళలో పరుగెత్తుకొచ్చాడు. "ఎవల్నడిగి తవ్వుతున్నవ్ కాకా? నౌకరి పోతది!"

"పోనీ. ముందుగాల నీళ్ళను పోనియ్యి."

నీళ్ళు మళ్ళాయి. గంగన్న చెప్పులు నేలకు దిగాయి. మర్నాడు కంపెనీ తాతను జేసీబీ దింపేసి, గేటు కాపలాకు వేసింది.

పదో తరగతి తప్పిన మనవరాలు ఇదంతా రాసి, ఊరి నుంచి ఫోన్లో చదివి వినిపించింది. "దుబాయ్‌ల వరదను మలిపిన మొనగానివి తాతా! మంచిగ రాసిన్నా?" ఊళ్ళోవాళ్ళకు గల్ఫ్ అంతా దుబాయే.

"దుబాయ్ కాదే, ఖతర్. మొనగాన్ని గూడ కాను. ఒండ్రు చేతిల పట్టుకొని, తెలిసి తెలిసి పూడ్చిన. గది రాయి."