షెడ్డు గుమ్మానికి కట్టిన బరకం

ఆ సాయంత్రం మా ఆయన కాఫీ ఒక్క గుక్క తాగి గ్లాసు పక్కన పెట్టేశారు.

"ఏమేవ్, ఇందులో పంచదార వేశావా, ఇనుప రజను వేశావా? నోరంతా అదోలా ఉంది" అన్నారు.

"పొద్దస్తమానం ఇనుము దగ్గర కూర్చునే మనిషికి ఇంకెలా ఉంటుందండీ?" అన్నాను.

దీపాలు పెట్టే వేళకి వణుకు మొదలైంది. రెండు దుప్పట్లు కప్పినా ఆగలేదు.

మాది మొగల్తూరు దగ్గర పల్లె. ఆయన రైసు మిల్లులో ఫిట్టరు పని మానేశాక పెరట్లో రేకుల షెడ్డు వేసి వెల్డింగు మిషను పెట్టుకున్నారు. అమ్మకానికి కాదు, ఇంటికే. నాకు మడత మంచం చేశారు. అప్పట్లో మనవరాలికి ఉయ్యాల మొదలుపెట్టారు. పైపులు నేనే తెచ్చాను, రొయ్యల చెరువు వాళ్ళు పారేసిన జీఐ పైపులు.

"వీటికి జింకు పూత ఉంటుందే. గీకకుండా అతికితే పొగ మంచిది కాదు" అన్నారు.

"గీకడానికి గ్రైండింగు డిస్కులేమైనా చెట్టుకి కాస్తున్నాయా? అలాగే కానివ్వండి" అన్నాను.

వెల్డింగు వెలుగుకి తన పసిబిడ్డ ఉలిక్కిపడుతోందని వెనకింటి కోడలు చెబితే, ధాన్యం ఆరబెట్టే పాత బరకం తెచ్చి షెడ్డు గుమ్మానికి అడ్డంగా కట్టాను. పొగ ఎటు పోతుందని ఆలోచించలేదు.

వెల్డింగు పొగకి బెల్లం విరుగుడని మిల్లులో అందరూ అనేవారు. ఆ వణుకు వచ్చింది ఆ పైపులు మొదటిసారి అతికిన రోజే; ఆ రాత్రి బెల్లం ముక్క పెట్టి వేడి పాలు ఇచ్చాను. తెల్లారేసరికి జ్వరం లేదు. బెల్లమే తగ్గించిందనుకున్నాను. ఉయ్యాల పక్కన పెట్టించి, పైపులు ఉన్నాయి కదా అని గేటు, కోళ్ళ గూడు చేయించాను. పైపులు అతికిన ప్రతిసారీ జ్వరం, ప్రతిసారీ బెల్లం. ఊళ్ళో డాక్టరు టైఫాయిడ్ అని మందులిచ్చారు. కొన్ని నెలలకి పొడిదగ్గు పట్టుకుంది. ఆ తరువాత మెట్లెక్కితే ఆయాసం.

భీమవరంలో ఎక్స్‌రే తీశారు, తరువాత సీటీ స్కాన్. డాక్టరుగారు ఆయన చేతుల మీద నిప్పురవ్వల మచ్చలు చూసి, "ఏం పని చేస్తారు?" అని అడిగారు. అంతవరకూ ఎవరూ అడగలేదు. మేమూ చెప్పలేదు. పైపులు, జ్వరాలు, బెల్లం అన్నీ అప్పుడు చెప్పాం.

"లంగ్స్‌లో ఫైబ్రోసిస్ ఉందమ్మా, ఊపిరితిత్తులు మచ్చకట్టి గట్టిపడ్డాయి. పాడైనది తిరిగి రాదు. ఇంకా పాడవకుండా చూద్దాం" అన్నారు. తరువాత ఆయన వైపు తిరిగి, "ఆ జ్వరం జింకు పొగది, బెల్లం తినకపోయినా మర్నాటికి అదే పోతుంది. తలుపు తీసే వెల్డింగు చేసేవారా?" అన్నారు.

"లేదండి. వెనకింటివాళ్ళకి ఇబ్బందని నేనే బరకం కట్టుకున్నానండి."

నేను పక్కనే ఉన్నాను. స్కాన్ కాగితాలు సంచిలో సర్దుకున్నాను.

బయటికొచ్చాక, "ఎందుకలా చెప్పారు?" అన్నాను.

"కట్టింది నువ్వైతే మాత్రం, లోపల కూర్చున్నది నేనేగా" అన్నారు.

స్టెరాయిడ్లతో, ఇన్‌హేలరుతో కొంత తేరుకున్నారు. వానాకాలంలో న్యుమోనియా వచ్చి ఐసీయూలో పెట్టారు. బతికి ఇంటికొచ్చారు గాని, ఆయనతో పాటు ఆక్సిజన్ మిషను కూడా వచ్చింది.

ఇప్పుడు పెరటి గుమ్మం నుంచి షెడ్డు దాకా ఒక్క బిగిన నడవలేరు. దారి మధ్యలో ఆ మడత మంచం వేసి ఉంచాను. దాని మీద కాసేపు కూర్చుని, మళ్ళీ లేచి వెళతారు. ఉయ్యాలకి ఒక్క అతుకు మిగిలిపోయింది. ఇంకొకరి చేత వేయిస్తానంటే ఒప్పుకోరు. దాన్ని చేత్తో తడిమి వస్తారు.

నేను అయిదో తరగతితో ఆపేసినదాన్ని. నాకు తెలిసింది ఒక్కటే చెబుతాను. మీ ఇంట్లో వెల్డింగు చేసే మనిషికి ఆ సాయంత్రం చలిజ్వరం వచ్చి మర్నాటికి పోతే, నయమైందని మురిసిపోకండి. డాక్టరుగారు అడిగినా అడక్కపోయినా ఏ పైపు అతికారో, పూత గీకారో లేదో, తలుపు తీసి ఉందో మూసి ఉందో దాచకుండా చెప్పండి.

ఆ రోజు నేను చెప్పలేకపోయిన మాట ఇప్పుడు చెబుతున్నాను. ఆ బరకం కట్టింది నేనే.