మేక తిన్న చొక్కా

టైలరక్కకు తమ్ముడంటే పంచప్రాణాలు. వాడి చొక్కాల సంగతెత్తితే మాత్రం ఒళ్ళు మండిపోయేది.

తమ్ముడు కాలికి బలపం కట్టుకుని తిరిగిన మనిషి. పెద్ద పెద్ద భవనాల్లో లిఫ్టులు బిగించడం అతని పని. పదిహేడు దేశాల్లో బిగించాడు. తొమ్మిది భాషల్లో టీ అడగగలడు, ఒక్క భాషలోనూ మనిషిని కసిరే మాట నేర్చుకోలేదు. కొత్త ఊళ్ళో దిగిన రెండో రోజుకల్లా వీధిలో సగంమంది అతనికి అన్నలూ వదినలూ అయిపోయేవారు. ముప్పయ్యేళ్ళు పనిముట్ల సంచీ మోసి మోసి కుడిభుజం ముప్పావంగుళం కిందికి దిగిపోయింది. దుకాణంలో కొన్న చొక్కా ఏదీ కుదిరేది కాదు. అందుకని అక్క తమ్ముడి చొక్కాలకు కుడిభుజం దించి కత్తిరించేది. ఆ కొలత తనకు తప్ప ఇంకెవరికీ తెలియదని ఆవిడకు కొండంత గర్వం.

ఏడాదికి ఆరు చొక్కాలు కుట్టి పంపితే, తిరిగొచ్చేటప్పుడు ఒంటిమీద ఒకటి, పెట్టెలో ఒకటి ఉండేవి.

"మిగతావేవిరా?"

"ఒకటి గాలికి ఎగిరిపోయిందక్కా. పన్నెండో అంతస్తు కదా."

"ఇంకోటి?"

"మేక తినేసింది."

"పన్నెండో అంతస్తులో మేకేమిట్రా?"

"అది వేరే ఊళ్ళోలే."

ఇలా అక్క చెవిలో పువ్వులు పెట్టేవాడు. గుడ్డ పోయినందుకు ఆవిడకేం బాధ లేదు. తను నడుం పడిపోయేలా కూర్చుని కుట్టినదానికి వీడి దగ్గర పూచికపుల్ల విలువ లేదేనని బాధ. అదే లోపల ముల్లులా ఉండిపోయింది.

కిందటిసారి ఫోన్లో, "అక్కా, ఈసారి ఒకదానికి చేతులు రెండంగుళాలు పొడుగు పెట్టు," అన్నాడు.

"ఈ వయసులో చేతులు పెరుగుతున్నాయా నీకు? ఇక నావల్ల కాదు. దుకాణంలో కొనుక్కో!" అని ఆవిడ ఠక్కున ఫోను పెట్టేసింది.

పెట్టేసిందేగాని, మర్నాడే నీలం గుడ్డ తీసి, చేతులు రెండంగుళాలు పొడుగు పెట్టి కత్తిరించింది. మిషను మీద కుట్టేలోపే కబురొచ్చింది. తమ్ముడు పనిచేసేచోట కుర్చీలో కూర్చుని, చేతిలో టీ చల్లారేలోపే పోయాడట. ఎవరికీ శ్రమ ఇవ్వలేదట. కత్తిరించిన ముక్కలు మిషను పక్కనే ఉండిపోయాయి. ఆవిడ వాటిని కుట్టలేదు, తీసి దాచనూ లేదు.

నెల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం తమ్ముడి స్నేహితులైన తెలుగువాళ్ళు పదకొండుమంది తలో దేశం నుంచీ ఆవిడ దుకాణానికే వచ్చారు. వాణ్ణి తలుచుకుని కాసేపు కూర్చుంటామన్నారు. కస్టమర్ల బెంచీలు చాలక కొందరు గుడ్డల బేళ్ళమీద కూర్చున్నారు. ఎవరో లిఫ్టులో ఇరుక్కున్న పెళ్ళికొడుకు కథ ఎత్తుకున్నారు. తలుపు తెరుచుకునేదాకా తమ్ముడు బయట నిలబడి వాడికి పాటలు పాడాడట, అన్నీ అపస్వరాలేనట. అక్కడితో నవ్వులు మొదలయ్యాయి.

అక్క మాత్రం నవ్వలేకపోతోంది. వృత్తి అలాంటిది, ఆవిడ చూపు ఊరికే ఉండదు. కళ్ళజోడు మిషను మీదే ఉండిపోయినా, ఎదురుగా కూర్చున్న వంటమాస్టరు చొక్కా కాలరు కుడిపక్కకు లాగేస్తుండడం కనిపిస్తూనే ఉంది. పక్కనున్న నర్సు గౌను మీద వేసుకున్న పాత చొక్కాకీ అదే తంతు. వెనకాల ఇంకో నలుగురికీ అంతే. ఆవిడ ఉండబట్టలేకపోయింది.

"ఏమనుకోకు బాబూ, ఆ చొక్కా కుట్టినవాడెవడోగాని, ముందు వాడి చేతిలో కత్తెర లాక్కోవాలి. భుజాలు చూడు, ఎంత అధ్వాన్నంగా ఉన్నాయో!"

వంటమాస్టరు గతుక్కుమన్నాడు. "మీరే కుట్టారక్కా," అని కాలరు తిప్పి చూపించాడు. లోపల ఆవిడ దుకాణం చీటీయే ఉంది.

ఆవిడ లేచి కళ్ళజోడు తెచ్చుకుంది. ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్ళి భుజం తడిమి చూసింది. తను దించిన ఆ ముప్పావంగుళమే!

"నూనె చింది నా చొక్కా తగలబడిపోయిందక్కా," అన్నాడు వంటమాస్టరు. "ఆ రోజే కొత్త హోటల్లో నన్ను పనికి చూస్తామన్నారు. వాడు ఒంటిమీది చొక్కా విప్పి ఇచ్చేశాడు. మా అక్క కుట్టింది, జాగ్రత్త అన్నాడు. అక్కతో ఏం చెప్తావురా అనడిగితే, మేక తిన్నదంటాలే అన్నాడు."

"అయితే ఆ మేకవి నువ్వేనా!" అంది అక్క.

దుకాణమంతా గొల్లుమంది. ఆవిడ కూడా నవ్వింది. నవ్వుతూనే ఏడ్చేసింది. గాలికి ఎగిరిన చొక్కా నర్సుదేనట. ఆసుపత్రిలో వాళ్ళ నాన్న చలికి వణుకుతుంటే తెచ్చి తొడిగాడట.

"విప్పివ్వండి, అందరివీ సరిచేసి ఇస్తాను. ఇవి వేసుకుని దేశాలు తిరుగుతుంటే నా పేరేం కాను?" అంది కళ్ళు తుడుచుకుంటూ.

వంటమాస్టరు భుజాన్ని చేత్తో కప్పుకున్నాడు. "ఉండనివ్వక్కా. వాడు పక్కనే ఉన్నట్టుంటుంది."

అప్పుడు కనిపించాడు ఆవిడకు, తలుపు దగ్గర తాటిచెట్టంత మనిషి. గోడలకు రంగులేస్తాడట. చొక్కా చేతులు మణికట్టుకు రెండంగుళాల పైనే ఆగిపోయాయి.

"నీకివ్వలేదా నాయనా?"

"ఈసారి తెస్తానన్నాడక్కా. చెయ్యి పొడుగు కూడా కొలుచుకున్నాడు."

ఆవిడ మిషను ముందు కూర్చుని నీలం ముక్కలు దగ్గరికి లాక్కుంది. ఆ సాయంత్రమంతా వాళ్ళు కథలు చెబుతూనే ఉన్నారు, మిషను నడుస్తూనే ఉంది. గుండీలు కూడా కుట్టి అందిస్తే అతను తొడుక్కున్నాడు. చేతులు అచ్చంగా సరిపోయాయి. కాలరు కుడిపక్కకు లాగింది.

"భుజం కాస్త..." అని నసిగాడు అతను.

"చేతులు నీవి," అంది అక్క, దారం తుంచుతూ. "భుజం మా తమ్ముడిది."