ఆ పిల్లాడు దొరికాడా

హన్మండ్లుకు ఆ ఆదివారం దాకా సిగ్గు అంటే పెద్దగా తెలియదు. పంతొమ్మిదేళ్లవాడు, నందిపేటలో పసుపు పండించే ఇంటి బిడ్డ, నిజామాబాదులో పాలిటెక్నిక్ చదువు చివరికొచ్చింది. చెరకు గానుగ ఆడే రోజుల్లో ఆరు వారాలు బోధన్ చక్కెర ఫ్యాక్టరీ ల్యాబులో పని నేర్చుకుని రమ్మని కాలేజీవాళ్లు కాగితం రాసిచ్చారు. అది 1963 చలికాలం.

ఆ ఆదివారం బయలుదేరిన బస్సు ఎడపల్లి దగ్గర మొరాయించింది. ట్రంకుపెట్టె ఒక చేతిలో, తల్లి దేవవ్వ పెట్టిన మామిడి తొక్కు జాడీ ఇంకో చేతిలో పట్టుకుని రోడ్డు పక్కన దిక్కులు చూస్తూ నిలబడ్డాడు. చెరకుబండి ఒకటి వచ్చి ఆగింది. తోలే మనిషి నర్సన్న, అరవై దాటిన రైతు.

"యాడికి కొడుకా?"

"శక్కర్ ఫ్యాక్టరీకి, పెద్దబాపు."

"నేను గూడ గాడికే. ఎక్కు."

హన్మండ్లు పెట్టె, జాడీ చెరకు మీద పెట్టి, చెప్పులు విడిచి చేత పట్టుకుని మరీ బండెక్కాడు. వాళ్లింట్లో కల్లంలోకి చెప్పులతో అడుగు పెడితే దేవవ్వ ఊరుకోదు. పంట ఎవరిదైతేనేం, పంటే. నర్సన్న అది గమనించి మురిసిపోయాడు. దారిలో తన జొన్నరొట్టె విరిచి సగం వీడి చేతిలో పెట్టాడు. "పంట మీన కాలు వెట్టెతందుకు చెప్పులిడిసిండు సూడు. మంచి తల్లి కన్నది నిన్ను. పేరేంది?" అని అడిగి, హన్మండ్లు అని చెబితే, తన తమ్ముడి పేరూ అదేనన్నాడు.

ఆ మాటల సంతోషంలో బోధన్‌లో పెట్టె ఒక్కటే దించుకున్నాడు మనవాడు. జాడీ చెరకుగడల సందులో ఉండిపోయింది. సాయవ్వ అనే ఆవిడ ఇంట్లో అద్దెగది దొరికి, రాత్రి అన్నం ముందు కూర్చున్నాక గానీ అది గుర్తు రాలేదు.

సోమవారం పొద్దున ల్యాబుకు వెళ్లాడు. గుమ్మంలోంచి చూస్తే లోపల బల్లమీద గిన్నెల నిండా చక్కెర, గాజు గొట్టాల నిండా చెరకు రసం. కాళ్లు వాటంతటవే చెప్పులు విడిచేశాయి. ఉత్త కాళ్లతో లోపలికి వచ్చినవాణ్ణి చూసి కెమిస్టు గారు కళ్లజోడు పైకి తోశారు. కోస్తా నుంచి వచ్చిన మనిషి. చెడ్డవాడు కాదు, వేళాకోళం కాస్త ఎక్కువ.

"ఇదేమన్నా గుడా అయ్యా? వేడి రసం ఒలికితే కాళ్లేం కాను? చెప్పులేసుకుని రా. నీ పేరు?"

"హన్మండ్లు."

"వచ్చింది ఒక్కడివేగా? ఆ 'లు' ఎందుకూ?"

ల్యాబంతా గొల్లుమంది. కెమిస్టు గారు నవ్వుతూనే హాజరు పుస్తకంలో హనుమంతు అని రాసుకున్నారు. తాతల నాటి పేరు అలా ఒక్క కలం పోటుతో పోయింది. మా హన్మండ్లుకు తల కొట్టేసినట్టయింది.

అక్కణ్ణుంచి వారమంతా ఆ తల ఎలా ఎత్తుకోవాలా అన్నదే వాడి ధ్యాస. మంగళవారం 'గిట్ల' అనబోయి నాలుక కరుచుకుని 'ఇలా' అన్నాడు. బుధవారం బజారుకెళ్లి నల్ల బూట్లు కొన్నాడు. మడమలు ఒరుసుకుపోయినా విప్పలేదు. "కాలు గుంజుతున్నవేంది బిడ్డా?" అని సాయవ్వ అడిగితే, "ఏం లేదండీ" అన్నాడు. 'అండీ' అన్నదెవరినో అనుకుని ఆవిడ వెనక్కి తిరిగి చూసింది. గురువారానికి రసం పరీక్ష చేయడం వచ్చేసింది. శుక్రవారం కెమిస్టు గారు "బాగుందోయ్ హనుమంతూ" అన్నారు. వాడి ఛాతీ ఉబ్బింది.

శనివారం మధ్యాహ్నం గుమ్మం దగ్గర చప్పుడైంది. నర్సన్న! సోమవారం పొద్దుపోయాక బండి దించుతుంటే జాడీ బయటపడిందట. మళ్లీ తన బండి వంతు వచ్చేదాకా భద్రంగా దాచి, గుడ్డతో మూతి కట్టి తెచ్చాడు. చెప్పులు గుమ్మం బయట విడిచి, ఉత్త కాళ్లతో లోపలికొచ్చి నోరారా పిలిచాడు.

"హన్మండ్లూ! కొడుకా!"

"ఎంతమంది కావాలి తాతా?" అని ఎవరో అన్నారు. మళ్లీ ఆ నవ్వే. ఐదు రోజులు కష్టపడి సంపాదించుకున్న హనుమంతు ఒక్క పిలుపుతో పోయేట్టున్నాడు. ఆ భయంలో నోరు జారింది.

"హన్మండ్లు ఎవరూ లేరిక్కడ. ఇదేమన్నా గుడా? చెప్పులేసుకుని రావయ్యా!"

ఈసారి ఎవరూ నవ్వలేదు. నర్సన్న వాడి మొహం చూశాడు, బూట్లు చూశాడు. ముసలాయనకు అర్థం కావడానికి ఎంతోసేపు పట్టలేదు.

"తప్పైంది సార్" అన్నాడు మెల్లగా. "హన్మండ్లు అని ఓ పోరడు, మా బండిల గీ జాడి మర్సిండు. వాళ్లవ్వ వెట్టిచ్చినట్టుంది. కనవడితె ఇయ్యుండ్రి." జాడీ గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు.

వాణ్ణి పదిమందిలో బయటపెట్టగలిగీ పెట్టలేదు. సార్ అని, వాడి అబద్ధాన్ని తానే మోసుకుపోయాడు. తిట్టినా బాగుండేదనిపించింది హన్మండ్లుకు.

"పాపం, ఎవరో తల్లి పెట్టింది" అన్నారు కెమిస్టు గారు, ఏమీ తెలియనట్టే. "హనుమంతూ, ఆ పిల్లాణ్ణి వెతికి ఇచ్చేసి రా."

జాడీ తీసుకుని బండ్ల అడ్డాకు పరుగెత్తాడు. నర్సన్న ఎడ్లను కడుతున్నాడు. వీణ్ణి చూసి చేతిలో పలుపు వదిలేసి, పక్కకు ఒదిగి నిలబడ్డాడు. ఆ ఒదగడం చూసి హన్మండ్లు ప్రాణం చచ్చిపోయింది.

"పెద్దబాపు, నేనే. నేనే హన్మండ్లును. తప్పయింది."

నర్సన్న కోపంగా లేడు. వాడి కాళ్లకేసి చూశాడు.

"కాదు సార్. ఆ పోరడు చెప్పులిడిసి నా బండెక్కిండు. మీరు బూట్లేస్కున్నరు" అని, ఎడ్లను అదిలించాడు.

బండి ఫ్యాక్టరీ గేటు దాటేదాకా హన్మండ్లు అక్కడే నిలబడ్డాడు. వెంట పరుగెత్తి చేతులు పట్టుకుందామనుకున్నాడు. పట్టుకోలేదు. తిరిగి ల్యాబుకొచ్చి జాడీని కిటికీ పక్కన బల్లమీద పెట్టాడు.

కెమిస్టు గారు తల ఎత్తకుండా అడిగారు. "ఆ పిల్లాడు దొరికాడా?"

"లేదండీ" అన్నాడు హన్మండ్లు.